తూకం

రాత్రి రెండు.
మోకాళ్ళ మీద కూచుని
మంచం కింద వేలాడే గీతల డబ్బాకి
కన్ను ఆనించి చూస్తాను.
ఇరవైయొకటి.
గంట క్రితం ఇరవైయారు.

మూడో మంచం. దుంపల తవిటమ్మ, యాభైతొమ్మిది,
పలాసలో జీడిపిక్కలు కొట్టే పని.
బరువు నలభైయారు కిలోలు,
అంటే గంటకి ఇరవైమూడు మిల్లీలీటర్లయినా దిగాలి.

నిన్న నూటపద్దెనిమిది నిమిషాలు
ఆవిడ నెత్తురు ఒక మిషన్ తిప్పింది.
కాలి నుంచి తీసిన నరాన్ని మూడు చోట్ల కుట్టారు.
గుండె బాగుంది. మానిటర్ మీద
పచ్చగా ఎక్కుతోంది, దిగుతోంది.

గుండెకి గోల చెయ్యడం తెలుసు.
చెయ్యి లాగుతుంది, చెమట పట్టిస్తుంది,
వీధందర్నీ లేపి ఆటో ఎక్కిస్తుంది.
మన మాటలు కూడా దాని పక్షమే:
గుండె చెరువైందంటాం, రాయి చేసుకోమంటాం,
గుండెల మీద చెయ్యేసుకుని పడుకోమంటాం.
మూత్రపిండం మీద నాకొక్క సామెతా తెలీదు.
పోయేటప్పుడు కూడా అది చెప్పి పోదు.

మాది కవిటి పక్క ఊరు.
అక్కడ బడిపిల్లలకి ఎక్కాలతో పాటు
క్రియాటినిన్ కూడా నోటికొస్తుంది.
మా మావకి ఏడు, మీ పెద్దమ్మకి నాలుగున్నర.

ఆపరేషన్‌కి ముందు కాగితం నింపాం.
షుగరు, పదకొండేళ్ళుగా. బీపీ.
ఒంట్లో రక్తం తొమ్మిది.
యాంజియోగ్రామ్ రంగుమందు ఎక్కి నాలుగు రోజులు.
క్రియాటినిన్ ఒకటి పాయింట్ నాలుగు.
డాక్టరు గారి పెన్ను అక్కడ కాసేపు ఆగింది.

కాగితంలో గడి లేని సంగతి
ఆ రాత్రి కాళ్ళకి వెంట్రుకలు గీస్తుంటే చెప్పింది.
"నడుం నొప్పికి బిళ్ళలేమైనా వాడేదానివా?"
"ఏసుకోకుండా ఎలాగవుద్దమ్మా?
పొద్దున్నొకటి, మాపటికొకటి.
రంగు చెప్తే షాపోడు ఇచ్చీసీవోడు."
"ఎన్నాళ్ళు?"
"మా మనవరాలు పుట్టక ముందు నుంచి."
మనవరాలు ఇంటర్ రెండో ఏడు.

"నీళ్ళు బాగా తాగుతావా?"
నవ్వింది.
"తాగితే ఎక్కడికెల్తాం?
నలభైమంది ఆడోళ్ళం, ఒక్క దొడ్డీ లేదు.
తోట దాకా ఎల్లి వచ్చీసరికి
అరకిలో పప్పు పోద్ది.
పొద్దున్నొక గళాసు, మళ్ళీ ఇంటికెళ్ళాకే."

ముప్ఫయ్యేళ్ళ దాహం.
ఎక్కడ రాయను?
మార్జిన్లో రాశాను, పెన్సిల్‌తో.

మూడు. పంతొమ్మిది.
ఫోన్ చేశాను.
డాక్టరు గారొచ్చి డబ్బా చూశారు,
బీపీ మందు ఒక గీత పెంచారు,
సెలైన్ పెట్టమన్నారు, రక్తం పంపమన్నారు.
నన్ను ఏమీ అడగలేదు.
అలా అడగనప్పుడే నాకు భయం.

తవిటమ్మ మేలుకునే ఉంది.
జీడిసొన తినేసిన వేళ్ళు ఆవిడవి,
క్లిప్పుకి నాడి దొరక్క చెవికి పెట్టాం.
"ఎంతొచ్చింది సిస్టరమ్మా?"
"పంతొమ్మిది."
"కిలోలా?"
కుట్లు లాగాయి కాబోలు, నవ్వు మధ్యలో ఆపేసింది.
"మా మేస్త్రీ కూడా అంతే.
ముక్కలు తీసీసి గుండు పప్పే లెక్కేస్తాడు.
ఎంత కొట్టినా తూకం తక్కువే."

ఏడింటికి డ్యూటీ ఎక్కాను.
మూడు మంచాలు, నేనొక్కదాన్ని.
బల్ల మీద నా నీళ్ళ సీసా
నిండుగా ఉంది, మూత సీలు కూడా తెగలేదు.
ఇప్పుడే చూశాను దాన్ని.

కిటికీలోంచి నాగావళి.
వేసవి ఇసక మధ్య సన్నగా ఒక తడి చార,
ఒడ్డున లారీ లైట్లు.

నాలుగు.
మళ్ళీ మోకాళ్ళ మీద.
ఇరవైమూడేమో.
డబ్బాని నిటారుగా పట్టి చూశాను,
సెల్ ఫోన్ లైటు వేసి చూశాను.
గీతకి ఒక వెంట్రుకవాసి కింద.
పెన్ను ఆగింది.
ఆ ఒక్క చుక్కా కలిపేస్తే
ఎవరికీ తెలీదు.
ఇరవైరెండు అని రాశాను.

"ఎంత?"
"పెరిగింది," అన్నాను.
అదీ నిజమే.

"అయితే రాసీ.
మళ్ళీ కొట్టీకు."